నూరు మైళ్ళ కొండదారి పరుగు: అపోహలు – వాస్తవాలు

ఆల్ప్స్ పర్వతాల్లో మోంబ్లాన్ చుట్టూ ఏటా వేసవి చివర్లో జరిగే పందెం పేరు యూటీఎంబీ. ఫ్రాన్స్‌లోని షామోనీ ఊళ్ళో సాయంత్రం బయల్దేరి, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా మళ్ళీ షామోనీకే చేరాలి. 2003లో మొదలైంది. దూరం సుమారు 170 కిలోమీటర్లు. దారి పొడుగునా ఎక్కే ఎత్తంతా కలిపితే దాదాపు 10,000 మీటర్లు. అలిపిరి మెట్లదారిన తిరుమల కొండను 12 సార్లకు పైగా ఎక్కినట్టు.

మనవాళ్ళూ ఇప్పుడు లదాఖ్‌లో, పడమటి కనుమల్లో జరిగే అల్ట్రాలకు, అంటే మారథాన్ కన్నా పొడుగైన పరుగులకు, వెళ్తున్నారు. ఇలాంటి పరుగుల గురించి ఇంట్లోనూ, తోటి రన్నర్ల మధ్యా వినబడే మాటల్లో కొన్ని వట్టి భయాలు. కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవి. వాటి గురించే ఎక్కువ చెప్పాలి.

అపోహ: మొదటినుంచి చివరిదాకా పరిగెత్తుతూనే ఉండాలి.

యూటీఎంబీ పూర్తి చెయ్యడానికి ఇచ్చే గడువు 46 గంటల 30 నిమిషాలు. లెక్క వేస్తే గంటకు నాలుగు కిలోమీటర్లు కూడా పడదు. చదును నేల మీద తీరిగ్గా నడిచే వేగం కన్నా తక్కువే. నిటారు ఎక్కుళ్ళలో గెలిచేవాళ్ళు కూడా చేతికర్రలు ఊతంగా పట్టుకుని నడుస్తారు. వాలు బాగా పెరిగాక అదే వేగానికి పరుగు కన్నా నడకకే తక్కువ శక్తి ఖర్చవుతుంది కాబట్టి అక్కడ నడవడమే తెలివి.

ఎక్కడమే కష్టం, దిగడం సులువు అనేది దీనికి తోడు అపోహ. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బిగుసుకుని ఒంటి బరువును ఆపాలి. కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. కొండ దిగిన మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకున్నవారికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే సాధన చేసేవాళ్ళు ఎక్కడం ఎంత చేస్తారో, దిగడం కూడా అంత చెయ్యాలి.

అపోహ: ఇది కుర్రకారు మగవాళ్ళ ఆట.

2007లో యూటీఎంబీ గెలిచిన ఇటలీవాడు మార్కో ఓల్మోకు అప్పటికి 58 ఏళ్ళు. అంతకు ముందు ఏడాది గెలిచిందీ ఆయనే. బ్రిటన్‌లో 268 మైళ్ళ స్పైన్ రేస్‌ను 2019లో జాస్మిన్ పారిస్ ఆడా మగా అందరికన్నా ముందు ముగించింది. అప్పుడామె చంటిబిడ్డ తల్లి. దారిలో మజిలీల దగ్గర ఆగి పాలు పిండుకుంటూ సాగింది.

అపోహ: నీళ్ళు ఎంత ఎక్కువ తాగితే అంత మంచిది.

మన ఎండల్లో పెరిగినవారికి ఈ నమ్మకాన్ని వదులుకోవడం కష్టం. కానీ అతిగా తాగిన నీళ్ళు రన్నర్ల ప్రాణాలు తీశాయి. గంటల తరబడి శ్రమపడే ఒంట్లో, నీటిని పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది. తాగిన నీళ్ళు బయటికి పోవు. రక్తం పలచబడి సోడియం పడిపోతుంది. దాన్నే హైపోనేట్రీమియా అంటారు. ముదిరితే మెదడు వాస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా తేలింది. పరుగులో బరువు పెరిగినవాళ్ళకే ఆ ముప్పు ఎక్కువగా కనబడింది. పరిగెత్తి బరువు పెరగడమంటే చెమటగా పోయినదానికన్నా ఎక్కువ తాగారని అర్థం.

ఇందులో ఉన్న ప్రమాదం ఇంకోటి. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం చూసి పక్కవాళ్ళు వడదెబ్బ అనుకుని మరిన్ని నీళ్ళు పట్టిస్తారు. చేతివేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకుందంటే నీళ్ళు ఆపి వైద్యశిబిరానికి తీసుకెళ్ళాలి. ఉప్పు బిళ్ళలు మింగుతున్నాం కదా అన్న ధీమా పనికిరాదు. అతిగా తాగితే ఆ ఉప్పు కాపాడలేదు. దాహం వేసినప్పుడు తాగడం, ఇంతే.

అపోహ: ముందే నొప్పి మాత్ర వేసుకుంటే హాయిగా సాగిపోవచ్చు.

అమెరికాలోని వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ళ పందెంలో ఇబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర వాడినవారినీ వాడనివారినీ పరిశోధకులు పోల్చి చూశారు. కండరాల నొప్పిలో తేడా లేదు, వాపు సూచికలు మాత్రం వాడినవారిలోనే ఎక్కువ. రక్తం కాళ్ళ వైపు మళ్ళి అప్పటికే ఇబ్బంది పడుతున్న మూత్రపిండాల మీద ఆ మాత్ర మరింత భారం వేస్తుంది.

అపోహ: మోకాళ్ళు అరిగిపోతాయి.

2017లో వచ్చిన ఒక సమీక్షలో, సరదాగా పరిగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్ళవాతం 3.5 శాతం ఉంటే, కదలకుండా కూర్చునేవారిలో అది 10 శాతం దాటింది. పోటీల కోసమే పరిగెత్తేవారిలో 13 శాతం దాకా ఉందన్న మాటా అందులోనే ఉంది. దాన్ని దాచకూడదు.

అపోహ: గట్టి రన్నర్‌ను చలి ఏమీ చెయ్యదు. సామాను తగ్గిస్తే అంత వేగం.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో, ఎల్లో రివర్ స్టోన్ ఫారెస్ట్ దగ్గర 100 కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. పాల్గొన్నవారు 172 మంది. పొద్దున బయల్దేరినప్పుడు చాలామంది ఒంటిమీద నిక్కరూ పలచటి బనియనే. గాలి, వాన ఆపే కోటు వెంట ఉండాలన్న నియమం లేదు. మధ్యాహ్నానికి కొండ మీద ఈదురుగాలి, వడగళ్ళు, గడ్డకట్టే వాన. 21 మంది చనిపోయారు. వారిలో చైనా అల్ట్రా రన్నర్లలో మేటి అయిన లియాంగ్ జింగ్ కూడా ఉన్నాడు. ఝు కెమింగ్ అనే గొర్రెల కాపరి తాను తలదాచుకున్న గుహలోకి ఆరుగురిని చేర్చి, మంట వేసి బతికించాడు.

కొవ్వు తక్కువున్న సన్నటి శరీరం పరిగెత్తుతున్నంతసేపే వేడిగా ఉంటుంది. బట్టలు తడిసి, గాలి కొట్టి, అలిసి అడుగు నెమ్మదించిందంటే ఆ వేడి నిమిషాల్లో దిగిపోతుంది. వణుకుతున్న వేళ్ళతో జిప్ కూడా లాగలేరు. యూటీఎంబీలో టోపీ ఉన్న వానకోటు, రెండు తలదీపాలు, వేడి నిలిపే రేకు దుప్పటి, ఈల, ఫోను లేకుండా పరుగుకు రానివ్వరు. ఇలాంటి జాబితా చూసి విసుక్కునేవాళ్ళు కనబడితే నాకు కోపం వస్తుంది. నిర్వాహకులు అలాంటి నియమమే పెట్టకపోతే ఆ పందేనికి పేరు ఇవ్వకండి. వాతావరణం పాడైనప్పుడు 2010లో యూటీఎంబీనే మధ్యలో ఆపేశారు. 2012లో దూరాన్ని దాదాపు 100 కిలోమీటర్లకు కుదించారు.

అపోహ: మధ్యలో ఆగిపోవడం పిరికితనం.

2023లో ఒకే వేసవిలో వెస్టర్న్ స్టేట్స్, అమెరికాలోనే జరిగే మరో 100 మైళ్ళ పందెం హార్డ్‌రాక్, యూటీఎంబీ మూడూ గెలిచిన అమెరికా రన్నర్ కోర్ట్నీ డావాల్టర్, తన మొట్టమొదటి 100 మైళ్ళ పరుగును సగం దాటాక వదిలేసింది. 2021లో కడుపు తిరగబడి హార్డ్‌రాక్ మధ్యలో మానుకుంది, మరుసటి ఏడాది వచ్చి అదే పందెంలో మహిళల రికార్డు బద్దలుకొట్టింది. యూటీఎంబీలో మామూలుగా ప్రతి ముగ్గురిలో ఒకరు చివరిదాకా చేరరు. ఆగాలనుకున్నవారు మజిలీ దగ్గర సిబ్బందికి ఆ మాట చెప్పి, నంబరు చూపించి వెళ్ళాలి. చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోతే, ఆ మనిషి కోసం రాత్రంతా కొండ మీద వెతికేవాళ్ళ ప్రాణాలు ప్రమాదంలో పడతాయి.