సూరత్ నుండి గోదావరి దాకా సైకిలు యాత్ర: సామగ్రి, నియమాలు

సైకిలు మన తరానికి క్రొత్త వస్తువు కాదు. తండ్రిగారి సైకిలు ముందు కడ్డీపై కూర్చుని బడికి వెళ్లినవారు, సీటు అందక కడ్డీ సందులో నుండి కాలు దూర్చి తొక్కడం నేర్చుకొన్నవారు మనలో ఎందరో ఉన్నారు. ఉద్యోగంలో చేరి, స్కూటరు, ఆపైన కారు కొన్న తరువాత ఆ సైకిలును మరచిపోయాము. ఇటీవల వైద్యుల సలహా వల్లనైతేనేమి, పిల్లల ప్రోత్సాహం వల్లనైతేనేమి హజీరా ప్రాంతపు టౌన్‌షిప్పులలో ఉదయం వేళ సైకిళ్లు మళ్లీ కనిపిస్తున్నాయి. పది, ఇరవై కిలోమీటర్లు అలవాటైనవారికి ఇంకా దూరం వెళ్లాలనిపించడం సహజమే.

పడక, బట్టలు, పనిముట్లు, నీరు సమస్తమూ సైకిలుకే కట్టుకొని, వెంట వాహనమేదీ లేకుండా రోజుల తరబడి సాగించే యాత్రను నేడు బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. పేరు క్రొత్తదైనా పని పాతదే. 1923 అక్టోబరులో బొంబాయి నుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆదీ హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో స్వస్థలం చేరుకొన్నారు. వారికి గేర్లు లేవు, ఫోన్లు లేవు. పట్టుదల, క్రమశిక్షణ మాత్రం పుష్కలంగా ఉండేవి.

మా మొదటి ప్రయత్నం

గోదావరి ఒడ్డున పుట్టి తాపీ ఒడ్డున ఉద్యోగం చేస్తున్న నాకు చాలాకాలంగా ఒక కోరిక. సూరత్ నుండి సాపుతారా మీదుగా నాసిక్ సుమారు 240 కిలోమీటర్లు. అక్కడికి సైకిలుపై వెళ్లి గోదావరిని చూడాలని సంకల్పించాను. మరో ముగ్గురు మిత్రులు తోడయ్యారు.

నవంబరు నెలలో ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాము. ఒక్కొక్కరి సామాను ఇరవై కిలోలకు పైమాటే. స్టవ్వు, గిన్నెలు, మూడు జతల బూట్లు, పచ్చడి సీసాలు కూడా తెచ్చుకొన్నాము. నవసారి, చిఖలీ, వాంసదా దాటి సాయంకాలం నాలుగింటికి వఘయి చేరాము. అక్కడే ఆగవలసింది. "ఇంకెంత, యాభై కిలోమీటర్లే కదా" అనుకొని డాంగ్ అడవుల దారి పట్టాము. ఆ యాభై కిలోమీటర్లూ ఘాట్ రోడ్డే. ఆరింటికల్లా చీకటి పడింది.

మాలో చివరివాడి సైకిలు వెనుక చక్రం పుల్లలు బరువుకు తట్టుకోలేక ఒకదాని తరువాత ఒకటి విరిగాయి. ముందున్న ముగ్గురికీ ఆ సంగతి తెలియదు. పుల్లలు బిగించే తాళం, గాలిపంపు నా సంచిలో ఉన్నాయి. ఫోనుకు సిగ్నలు లేదు. ఏడింటికి వెనుదిరిగి, ఒక్క టార్చి వెలుగులో వెదకుతూ, పది గంటల వేళ ఆయనను రోడ్డు ప్రక్కన ఒక గిరిజన కుటుంబం గుడిసెలో కనుగొన్నాము. ఆ ఇంటివారు నాగ్లీ రొట్టె, అంటే మన రాగిరొట్టె పెట్టి, కప్పుకొనడానికి దుప్పటి ఇచ్చి కూర్చోబెట్టారు. మరునాడు అందరమూ బస్సులో ఇల్లు చేరాము.

ఆ మిత్రుని భార్య నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "ఎక్కడ ఆగాలో, ఎవరి కోసం ఎవరు ఆగాలో బయలుదేరేముందే అనుకోలేదా అన్నయ్యగారూ?" నా దగ్గర సమాధానం లేదు. ప్లాంటులో పర్మిటు లేనిదే స్పానరు పట్టని మనము, పని మొదలుపెట్టేముందు టూల్‌బాక్స్ టాక్ తప్పక జరిపే మనము, సెలవు రోజున ఆ బుద్ధిని గేటు దగ్గరే వదిలి వెళ్లాము. నియర్ మిస్ అని రిజిస్టరులో వ్రాసుకోవలసిన సంఘటన అది. ఈ వ్యాసం ఆ రిజిస్టరులోని పుటయే అనుకోండి.

సైకిలు, సామగ్రి

ఖరీదైన సైకిలు కంటే దారిలో బాగు చేయించుకోగల సైకిలు మేలు. ఉక్కు ఫ్రేము కొంచెం బరువైనా, విరిగితే చిన్న ఊరిలోని వెల్డింగ్ షాపువాడు అతకగలడు. ఘాట్ ఎక్కాలంటే తేలిక గేరు తప్పనిసరి. ముందు పళ్లచక్రం వెనుకదాని కంటే చిన్నదిగానో, సమానంగానో ఉండే జోడింపు ఒకటైనా ఉండాలి. టైరు వెడల్పు 35 నుండి 40 మిల్లీమీటర్లు ఉంటే గతుకుల రోడ్డుపై నడుమునొప్పి తగ్గుతుంది. సామాను మోసే వెనుక చక్రానికి 32 లేదా 36 పుల్లలు ఉండాలి.

టైరు కొలత విషయంలో చాలామంది పొరబడతారు. గ్రామాలలో దొరికే పాతకాలపు 28 అంగుళాల సైకిలు రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. నేటి హైబ్రిడ్ సైకిలు రిమ్ము 622 మిల్లీమీటర్లు. చూపుకు ఒకేలా ఉన్నా ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. ట్యూబులు రెండు, పంక్చరు సామగ్రి, టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క వెంట ఉంచుకోవాలి. సన్నని ప్రెస్టా వాల్వు ఉన్నవారు పెట్రోలు బంకులో గాలి నింపుకోవడానికి చిన్న ఇత్తడి అడాప్టరు తీసుకువెళ్లాలి. దాని ధర స్వల్పం. అది లేకపోతే బంకు ముందు నిలబడి కూడా గాలి పట్టించుకోలేము.

సామానంతా ఒకచోట పరచి, వంటింటి త్రాసుపై తూచి, కాగితంపై వ్రాయండి. ఈ ఒక్క పనితో మా బరువు సగానికి తగ్గింది. తొక్కడానికి ఒక జత బట్టలు, పడుకోవడానికి ఒక జత, పలుచని పడక సంచి, వానకోటు, మందుల పెట్టె, పవర్‌బ్యాంకు, ముందు వెనుక దీపాలు, మెరిసే జాకెట్టు, శిరస్త్రాణం చాలు. దారి పొడవునా తిండి దొరికే ఈ ప్రాంతంలో స్టవ్వు అనవసరం. బరువైన వస్తువులు ఫ్రేము మధ్యలోను, తేలికవి హ్యాండిలు మీద, సీటు వెనుక కట్టాలి. మొత్తం పది కిలోలు దాటనీయకండి. నీరు అందులో లెక్క కాదు. ఎండలో గంటకు అర లీటరు నుండి లీటరు వరకు నీరు కావాలి. ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లాన్ని పూర్తి లీటరు నీటిలోనే కలపాలి. చిన్న సీసాలో చిక్కగా కలిపి త్రాగడం ప్రమాదకరం.

మేము పెట్టుకొన్న నియమాలు

స్వావలంబన యాత్రకు ప్రపంచమంతటా కట్టుబాట్లు ఉన్నాయి. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ నేడు 1,200 కిలోమీటర్లు, 90 గంటల యాత్ర. ఆ సంప్రదాయంలోనే మన దేశంలోనూ జరిగే బ్రెవెలలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో పూర్తి చేయాలి. నిర్ణీత కేంద్రాలలో తప్ప మధ్యలో వెంట వచ్చే వాహనం సహాయం కూడదు. మాది పందెం కాదు కనుక మా నియమాలు వేరు.

ఒకటి: సూర్యాస్తమయానికి గంట ముందే ఆగాలి. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఘాట్ ఎక్కడం మొదలుపెట్టరాదు.

రెండు: అందరికంటే నిదానంగా తొక్కేవాడే ముందుండాలి. ప్రతి పది కిలోమీటర్లకు, ప్రతి మలుపు రోడ్డుకు నలుగురూ కలిసేదాకా కదలరాదు.

మూడు: ఎవరి పంపు, ట్యూబు, దీపం, డబ్బు వారి వద్దనే ఉండాలి.

నాలుగు: ఒక్కరు "చాలు" అన్నా అందరూ ఆగాలి. వాదన లేదు, హేళన అంతకన్నా లేదు.

ఐదు: దారి, బసల వివరాలు వ్రాసి ఇంట్లో ఇవ్వాలి. రాత్రి ఎనిమిది లోపల కబురు రాకుంటే ఎవరికి ఫోను చేయాలో అందులో ఉండాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై 1033 నంబర్లు ఇంటివారికీ తెలియాలి.

ఆరు: సెలవులో ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి. తొందర వల్లనే మిగిలిన అయిదు నియమాలూ తప్పుతాము.

సహాయం తీసుకోవడం తప్పా అని మాలో చర్చ జరిగింది. ఆ రాత్రి రాగిరొట్టె పెట్టిన చేతులను తలచుకొంటే తప్పనడానికి నోరు రాదు. సహాయం దొరుకుతుందని లెక్క వేసుకొని బయలుదేరడమే తప్పు. ఈ సందర్భంలో మన జిల్లాలోనే జరిగిన ఒక సంఘటన గుర్తుకు వస్తుంది. దండి యాత్రలో 1930 మార్చి 29న గాంధీజీ భట్‌గాం గ్రామం చేరారు. యాత్రికుల కోసం సూరత్ నుండి మోటారులో పాలు తెప్పించారని, రాత్రి నడకకు బరువైన దీపాన్ని ఒక కూలీ తలపై మోయించారని తెలిసి ఆయన ఎంతో నొచ్చుకొన్నారు. తమ సౌకర్యం బరువు ఇతరులపై పడరాదని ఆనాటి సభలో తోటివారిని హెచ్చరించారు.

మలి ప్రయత్నం

జనవరిలో తిరిగి బయలుదేరాము. ఒక్కొక్కరి బరువు తొమ్మిది కిలోలు. మొదటి రోజు మూడింటికే వఘయిలో ఆగాము. రెండవ రోజు పదకొండింటికి సాపుతారా కొండపై ఉన్నాము. ఇంకా చాలా పొద్దుంది. అందరికీ ముందుకు సాగాలనే ఉంది. అప్పుడు నాకు మోకాలు పట్టేసింది. సంకోచిస్తూనే "చాలు" అన్నాను. ఎవ్వరూ మారుమాట అనలేదు. తాళ్లు విప్పి, టీ చెప్పారు. ఆ అదనపు రోజు నా మోకాలికే ఖర్చయింది.

నాలుగవ రోజు సాయంత్రం రామ్‌కుండ్ మెట్లపై కూర్చున్నాము. రాజమహేంద్రవరం వంతెన క్రింద కిలోమీటర్ల వెడల్పున పారే గోదావరి అక్కడ చిన్న పాయ. కాళ్లు నీటిలో పెట్టేముందు నలుగురమూ ఇళ్లకు ఫోన్లు చేశాము. పుల్లలు విరిగిన మిత్రుని భార్య ఫోను నాకు ఇమ్మని, "ఈసారి అందరూ కలిసే చేరారా అన్నయ్యగారూ?" అని అడిగింది. చేరామమ్మా అన్నాను.

ఆసక్తిగల ఉద్యోగ సోదర సోదరీమణులు ముందుగా దండి దాకా వెళ్లి రండి. రానుపోను సుమారు 100 కిలోమీటర్లు, అంతా సమతలం. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. దారిలో సూరత్ ప్రాంతపు లేత జొన్న పొంక్ రుచి చూడవచ్చు. అయితే బయలుదేరేముందు రెండు కాగితాలు సిద్ధం చేయండి. ఒకటి బరువుల పట్టిక, రెండవది నియమాల పట్టిక. రెండవ దాని నకలు ఇంట్లో ఇచ్చి వెళ్లండి.