పాత టిల్లరు మందగిస్తే ముందు బెల్టు చూడాలి

గోదావరి డెల్టాలో సార్వా దమ్ములు మొదలయ్యాక పవర్ టిల్లరు మొరాయిస్తే నష్టం ఆ ఒక్క రోజుతో పోదు. నారు ముదురుతుంది, కూలీలు మరో చేలోకి వెళ్ళిపోతారు. ట్రాక్టరు తిరగలేని చిన్న మడులున్న రైతుకు మరో దారి ఉండదు. అందుకే దాళ్వా కోతలై, కాలువలు కట్టేసిన వేసవిలోనే పాత యంత్రాన్ని విప్పి చూసుకోవడం మేలు.

ఇంజను జోరుగా ఆడుతున్నా రోటరీ కత్తులు నీరసంగా తిరుగుతుంటే, వెంటనే ఇంజను విప్పించడం దండగ. ఇంజను బలం వి-బెల్టుల మీదుగానే క్లచ్‌కు చేరుతుంది. బెల్టు సాగినా, అంచులు నున్నబడినా, నూనె తగిలినా పుల్లీపై జారుతుంది. కాలిన రబ్బరు వాసన దానికి గుర్తు. బొటనవేలితో మధ్యలో నొక్కితే బెల్టు కొద్దిగా మాత్రమే దిగాలి. మార్చేటప్పుడు ఒక్కటి కాక అన్నీ ఒకేసారి మార్చాలి. లేకుంటే కొత్తదాని మీదే బరువంతా పడి త్వరగా పాడవుతుంది.

బెల్టులు బాగుంటే రోటరీ చూడాలి. ఇరుసుకు చుట్టుకున్న గడ్డి, తుంగ ఆయిల్ సీళ్ళను దెబ్బతీస్తాయి. ఆ సందున బురదనీరు చేరి బేరింగులు పోతాయి. లోపలి నూనె పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే. సీలు, నూనె రెండూ మార్చాలి. అరిగిన కత్తులు మార్చేటప్పుడు కుడి, ఎడమ తారుమారు కాకూడదు.

గడ్డి తీసేముందు ఇంజను ఆపి తీరాలి. క్లచ్ విడదీశాం కదా అన్న ధీమాతో చేయి పెడితే వేళ్ళకే ముప్పు.

ఇంత చేసినా ఇంజను నల్లపొగ విడుస్తూ కుంగుతుంటే, ముందు గాలి ఫిల్టరు శుభ్రం చేయాలి. మెకానిక్కును పిలవడం ఆ తర్వాతి మాట.