గగనదూరం – గమనకాలం

ప్రవరుని కథ ఎరుగని తెలుగు విద్యార్థి అరుదు. సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో అతడు క్షణంలో హిమాలయం చేరినాడు. మంచుకు ఆ పసరు కరిగిపోగానే ఇల్లు చేరే ఉపాయం లేక చిక్కుకొన్నాడు. దూరం ఇసుమంతయు మారలేదు, సాధనం పోయినది. దూరం వేరు, పయనకాలం వేరు అన్న సత్యం ఆ కథలోనే ఉన్నది.

మనుచరిత్రను అంకితమందిన కృష్ణదేవరాయలు జయించిన ఉదయగిరినే ఉదాహరణగా తీసుకొందాం. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఈ ఊరికి ఆగ్నేయంగా ఆత్మకూరు ఉన్నది. ఆకాశమార్గాన ఈ రెంటికీ నడుమ దూరమెంత?

ఉదయగిరి ఇంచుమించు 14 డిగ్రీల 52 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 19 నిమిషాల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఆత్మకూరు అక్షాంశం 14 డిగ్రీల 37 నిమిషాలు, రేఖాంశం 79 డిగ్రీల 37 నిమిషాలు. అక్షాంశాలలో తేడా 15 నిమిషాలు. నిమిషానికి 1.85 కిలోమీటర్ల చొప్పున ఇది సుమారు 28 కిలోమీటర్లు. రేఖాంశాలలో తేడా 18 నిమిషాలు. భూమధ్యరేఖను విడిచి ధ్రువం వైపు పోయినకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కనుక ఇక్కడ నిమిషానికి 1.79 కిలోమీటర్లే, మొత్తం సుమారు 32. ఈ రెంటినీ లంబకోణ త్రిభుజపు భుజాలుగా భావిస్తే కర్ణం సుమారు 42 కిలోమీటర్లు. అదే గగనదూరం.

గంటకు 500 కిలోమీటర్లు పోయే విమానానికి ఇది ఐదు నిమిషాల పయనం. కాని ఈ రెండు ఊళ్ళలోనూ విమానాశ్రయం లేదు. ఉన్నప్పటికీ, పైకి లేచిన విమానం పూర్తి వేగం అందుకొనేలోగానే దిగుటకు సిద్ధపడవలసి వస్తుంది. ఎదురుగాలి వీస్తే ఆలస్యం. ఎక్కుటకు, దిగుటకు పట్టే సమయం అదనం.

అయినా స్వల్పదూరపు విమానయానం వ్యర్థమని చెప్పరాదు. స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులలో వెస్ట్రే, పాపా వెస్ట్రేల నడుమ 1967 నుంచి విమానం నడుస్తున్నది. దూరం 2.7 కిలోమీటర్లు, పయనం రెండు నిమిషాలు. నడుమ సముద్రం ఉన్నది గనుక అక్కడి ఉపాధ్యాయులకూ, రోగులకూ ఆ రెండు నిమిషాలు ఎంతో విలువైనవి.

ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులు; కిలోమీటరుకు లోపే. గజపతుల అధీనంలో ఉన్న ఆ దుర్గాన్ని రాయల సేన ముట్టడించి, 1514లో వశపరచుకొనుటకు సుమారు ఏడాదిన్నర పట్టినది. నేడు ఆ కొండపల్లెల నుంచి రోగిని ఆసుపత్రికి తెచ్చే తల్లి సయితం కిలోమీటర్లను లెక్కించదు, గడియలను లెక్కిస్తుంది.

కనుక ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించునప్పుడు కర్ణంతో ఆపరాదు. ఇంటి నుంచి బడికి పటంలో దూరమెంత, నడిచి వచ్చుటకు పట్టిన కాలమెంత అని ప్రతి విద్యార్థి చేతను రాయించాలి. ఆ రెండు అంకెల నడుమ వాగులు, గుట్టలు, రాని బస్సులు అన్నీ కనిపిస్తాయి.