మందుల వేళను గుర్తుచేసే యాప్‌లు: ఉపయోగం, పరిమితులు

వైద్యుడు రాసిన మందును చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు, చెప్పినంత కాలం వాడటాన్ని ఔషధ క్రమపాలన అంటారు. జ్వరానికి అయిదు రోజులు మందు వేసుకోవటం ఎవరికైనా సాధ్యమే. రక్తపోటు, మధుమేహం, ఆస్తమా వంటి వ్యాధులకు మాత్రం ఏళ్ల తరబడి, చాలామంది జీవితాంతం వాడాలి. దీర్ఘకాలిక రోగుల్లో మందులు సక్రమంగా వాడేవారు అభివృద్ధి చెందిన దేశాల్లో సైతం సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదిక పేర్కొంది.

ఈ లోపాన్ని సరిచేయటానికి వచ్చిన సాధనాల్లో స్మార్ట్‌ఫోన్ యాప్ ఒకటి. మందు పేరు, మోతాదు, వేళ నమోదు చేస్తే ఆ వేళకు ఫోన్ మోగుతుంది. బిళ్ల వేసుకున్నాక రోగి ఆ సంగతి ఫోన్‌లో నొక్కి తెలపాలి. మెడిసేఫ్ అనే యాప్‌లో కుటుంబ సభ్యుల్లో ఒకరిని చేర్చుకునే వీలు కూడా ఉంది. రోగి నొక్కకపోతే వారికి కబురు వెళ్తుంది. తల్లి గుంటూరులో, కొడుకు డాలస్‌లో ఉన్న ఇళ్లకు ఇది పనికొచ్చే సౌకర్యమే. మధ్యాహ్నం బిళ్ల వేళకు అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుందనుకోండి, అది వేరే మాట.

మరి ఫలితం? రక్తపోటు అదుపులో లేని 411 మందితో అమెరికాలో ఇదే యాప్‌పై 12 వారాల అధ్యయనం జరిగింది. 2018లో ప్రచురితమైన ఆ ఫలితాలను జాగ్రత్తగా చదవండి. యాప్ వాడినవారి క్రమపాలన స్కోరు 8 పాయింట్ల కొలమానంపై సగటున 0.4 పెరిగింది; వాడనివారిలో మార్పు లేదు. సిస్టోలిక్ రక్తపోటు, అంటే పై అంకె, యాప్ వాడినవారిలో 10.6, వాడనివారిలో 10.1 మి.మీ. తగ్గింది. అంటే రక్తపోటులో తేడా లేనట్లే. స్కోరు రోగులు స్వయంగా ఇచ్చిన జవాబులను బట్టి వచ్చిందనీ, రక్తపోటును పరికరం కొలిచిందనీ గుర్తుంచుకోవాలి.

మందు మానటానికి మరుపు ఒక కారణం మాత్రమే. అధిక రక్తపోటు చాలామందిలో ఏ బాధా కలిగించదు. “ఒంట్లో బాగానే ఉంది కదా” అని బిళ్ల ఆపేస్తారు. అమ్లోడిపిన్‌తో కాళ్లు వాచాయని మానేసేవారున్నారు. నెలాఖరున డబ్బు చాలక రెండు బిళ్లలను ఒకటి చేసుకునేవారున్నారు. వీరెవరూ మరచిపోలేదు, ఫోన్ ఎంత మోగినా వేసుకోరు. అందుకే యాప్ పెట్టించే ముందు ఆరోగ్య కార్యకర్త “బిళ్ల ఎందుకు వేసుకోలేదమ్మా?” అని అడిగి, జవాబు పూర్తిగా వినాలని నా అభిప్రాయం.

గడియారాన్ని నమ్ముకోవటంలో ప్రమాదమూ ఉంది. మధుమేహానికి వాడే గ్లిమిపిరైడ్‌ను భోజనంతోనో టిఫిన్‌తోనో వేసుకోవాలి. ఎనిమిదింటికి ఫోన్ మోగిందని బిళ్ల మింగి, పొలం పనిలో పడి పదకొండింటి దాకా ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇలాంటి మందుకు వేళ నమోదు చేసేటప్పుడు ఆ ఇంట్లో అన్నం తినే వేళ తెలుసుకోవాలి. ఒక పూట తప్పిందని మరుసటి పూట రెండు బిళ్లలు కలిపి వేసుకోకూడదన్నదీ ముందే చెప్పాలి.

స్మార్ట్‌ఫోన్ లేనివారి సంగతేమిటి? క్షయ రోగుల కోసం మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో రూపొందిన 99డాట్స్ పద్ధతి ఇక్కడ ప్రస్తావించదగినది. మందుల అట్టకు ఒక కాగితపు కవరు చుడతారు. బిళ్లను నొక్కి బయటికి తీసినప్పుడే దాని వెనుక దాగిన ఫోన్ నంబరు కనిపిస్తుంది. మామూలు ఫోన్ నుంచైనా ఆ నంబరుకు ఉచితంగా కాల్ చేస్తే ఆనాటి మోతాదు నమోదవుతుంది. కాల్ రాని రోగి ఎవరో సిబ్బందికి తెలుస్తుంది. బిళ్ల అట్ట నుంచి బయటికి వచ్చిందనే ఇది చెప్పగలదు, కడుపులోకి వెళ్లిందని చెప్పలేదు. అయినా ఈరోజు ఏ ఇంటి తలుపు తట్టాలో కార్యకర్తకు తెలియటం చిన్న సంగతి కాదు.

అభ్యాసం: మీ ఇంట్లోనో వీధిలోనో రోజూ మందు వాడే ఒకరితో, వారి అనుమతితో మాట్లాడండి. గత వారం తప్పిన ప్రతి మోతాదుకూ కారణం వారి మాటల్లోనే రాయండి. వాటిలో యాప్ సరిచేయగలిగినవి ఎన్నో గుర్తించండి.