విరుగుడు ముక్క విలువెంత?

కిందటి వారం కార్యక్రమం అయ్యాక ఒకావిడ ఫోన్ చేశారు. "శుక్రవారం సాయంత్రమైతే చాలు, మావాడు గేమ్ షాపుకి తీసుకెళ్ళమని ప్రాణం తోడేస్తాడండీ. మ్యాజిక్ అట. కౌంటర్‌స్పెల్ అనే ముక్కలు నాలుగు కొనాలట. అది దాడీ చెయ్యదు, కాపలా కూడా కాయదు. ఎందుకండీ అది?" అని. ఇదే ప్రశ్నకి నేనొకసారి మా అబ్బాయికి తప్పు జవాబు చెప్పాను. అందుకే ఈసారి కాస్త వివరంగా చెబుతాను.

ఆట తెలియని వాళ్ళకోసం ముందుగా నాలుగు మాటలు. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే ఈ ఆటని రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల డాక్టరేటు గారు తయారుచేశారు. సియాటిల్ ప్రాంతపు విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ 1993లో విడుదల చేసింది. ఎవరి కట్ట వాళ్ళే కూర్చుకోవాలి. మామూలు పద్ధతిలో కనీసం 60 ముక్కలుండాలి, బేసిక్ ల్యాండులు తప్ప ఒకే పేరున్న ముక్క నాలుగుకి మించకూడదు. చేతిలో ఏడు ముక్కలతో మొదలుపెట్టి, వంతుకో ల్యాండ్ దింపుతారు. ల్యాండ్ మానా ఇస్తుంది, ఆ మానా ఖర్చుపెట్టి మంత్రాలు వేస్తారు. ఐలాండ్ ఇచ్చేది నీలం, మౌంటెన్ ఇచ్చేది ఎరుపు.

కౌంటర్‌స్పెల్ ఖరీదు రెండు నీలం మానా. ఎదుటివాడు వేస్తున్న మంత్రాన్ని అది దారిలోనే ఆపేస్తుంది. మన పౌరాణిక సినిమాల్లో అటునుంచి ఆగ్నేయాస్త్రం వస్తే ఇటునుంచి వారుణాస్త్రం వెళ్ళి ఆకాశంలో ఢీకొంటుంది చూడండి, అచ్చం అదే. డ్రాగన్ బల్లమీదికి దిగిపోయాక మాత్రం ఈ ముక్క చేతిలో ఉన్నా లేనట్టే.

మావాడికి పన్నెండేళ్ళప్పుడు సగం నీలం, సగం ఎరుపు కట్ట కట్టుకున్నాడు. ఐలాండ్‌లు 12, మౌంటెన్‌లు 12. ఒక శుక్రవారం చేతిలో రెండు కౌంటర్‌స్పెల్‌లు పట్టుకునే ఓడిపోయాడు. బల్లమీద మౌంటెన్‌లు మూడు, ఐలాండ్ ఒక్కటే మరి. కార్లో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, మాటా పలుకూ లేదు. నాకు మ్యాజిక్ రాదు కానీ వారాంతపు పార్టీల్లో రమ్మీ బాగానే ఆడతాను లెండి. ఆ ధీమాతో, "పనికిరాని ముక్కలు దాచుకోవడం ఎందుకురా, మార్చేసెయ్" అన్నాను. వాడు బుద్ధిమంతుడు, నాలుగూ ఇచ్చేసి మెరిసే డ్రాగన్ ఒకటి తెచ్చుకున్నాడు. మరుసటి నెల, ఆ ముక్కలు తీసుకున్న కుర్రాడే వాటితోనే ఆ డ్రాగన్‌ని ఆపి వీణ్ణి ఓడించాడు. "నువ్వే కదా నాన్నా మార్చెయ్యమన్నావు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కాగితం పట్టుకుని కూర్చున్నాను. ముందు ఆడేవాడు రెండో వంతుకి ఎనిమిది ముక్కలు చూస్తాడు. మళ్ళీ పంచుకోవడాలు వదిలేస్తే, 60లో 12 ఐలాండ్‌లుంటే అప్పటికి రెండు ఐలాండ్‌లు వచ్చే అవకాశం నూటికి 51. బొమ్మా బొరుసూ అన్నమాట! అదే 24 ల్యాండులూ ఐలాండ్‌లే అయితే నూటికి 91. ముక్క అదే, దాని విలువ మాత్రం కట్టని బట్టి మారిపోయింది. నేను ముక్కని తిట్టాను, తప్పేమో ల్యాండులది.

మానా లీక్ అని 1998లో వచ్చిన ముక్క ఒకటుంది. దానికి ఒక నీలం, ఇంకొకటి ఏ రంగైనా సరే. మావాడి పాత కట్టలోనే రెండో వంతుకి దాన్ని వెయ్యగలిగే అవకాశం నూటికి 81. అయితే ఎదుటివాడు మూడు మానా అదనంగా కడితే వాడి మంత్రం బతికిపోతుంది. ఆట మొదట్లో ఎవరి దగ్గరా అంత మిగలదు. పదో వంతులో నవ్వుతూ కట్టేస్తాడు. రెండు రంగుల కట్టకి, త్వరగా ముగిసే ఆటకి లీక్ మేలని నా లెక్క.

ఇక లెక్కకి సులువుగా అందని ఖర్చొకటి ఉంది, కాచుకుని కూర్చోవడం. రమ్మీలో ఎదుటివాడికి కావలసిన ముక్కేమోనని అనుమానంతో ఒకటి పట్టుకుని కూర్చుంటాం కదా, మన చేతిలో ఒక చోటు దండగ. ఇక్కడా అంతే. మన వంతులో రెండు ల్యాండులు వాడకుండా వదిలెయ్యాలి, వాడేమీ వెయ్యకపోతే ఆ రెండు మానా వృథా. అందుకే ఎదుటివాడి వంతులో కూడా వేసుకోగలిగే ముక్కలు ఇంకొన్ని పక్కన ఉండాలి. వాడు ఊరుకుంటే ఆ మానాతో మనం ముక్కలు తీసుకోవచ్చు. ప్రతి వంతులో ఉన్నదంతా ఊడ్చి ఖర్చుపెట్టే దూకుడు కట్టలో ఈ ముక్కకి చోటులేదు. ఈ కాపు బాధ తప్పించుకోడానికి జనం ఎంతైనా ఇస్తారు. 1996 నాటి ఫోర్స్ ఆఫ్ విల్ చూడండి. మానా లేకుండానే వెయ్యొచ్చు, బదులుగా ఒక ప్రాణం పాయింటు, చేతిలోని ఇంకో నీలం ముక్క వదులుకోవాలి. ఒకదాన్ని ఆపడానికి రెండు ముక్కలు పోయినా సరే అంటారు.

పిల్లలు చేసే ఇంకో పొరపాటు, కనబడ్డ మొదటిదాన్నే ఆపెయ్యడం. ఐదు మానా డ్రాగన్‌ని రెండుతో ఆపితే మూడు మిగిలినట్టు. ఒక మానా చిట్టి భూతాన్ని ఆపితే ఒకటి నష్టం, పైగా డ్రాగన్ వచ్చేసరికి చెయ్యి ఖాళీ.

రెండు మానా మరీ చవకని కంపెనీవాళ్ళకీ తెలుసు. 2003 నాటి ఎనిమిదో ఎడిషన్‌లో కౌంటర్‌స్పెల్ పెట్టలేదు. 2006లో అదే పని మూడు మానాకి చేసే క్యాన్సిల్ తెచ్చారు. 2011లో మొదలైన మోడర్న్ పద్ధతిలో కౌంటర్‌స్పెల్‌కి 2021 దాకా ప్రవేశమే లేదు. కాబట్టి అమ్మా, కొనేముందు మీ షాపులో ఆడేది ఏ పద్ధతో కనుక్కోండి. అబ్బాయి కట్టలో ఐలాండ్‌లెన్నో కూడా వాడిచేతే లెక్కపెట్టించండి.

మావాడికి నాలుగూ నేనే మళ్ళీ కొనిచ్చాను. ఇటీవలి ముద్రణలైతే పెద్ద ఖరీదేం కాదు. మొన్న వాడే అడిగాడు, "16 ఐలాండ్‌లు పెడితే ఎంత నాన్నా?" అని. వేసి చూశాం, నూటికి 69. ఇంకొకటి పెంచాలా వద్దా అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.