ముదిమిలో గుండె



మా బొల్లారమున 88 ఏండ్ల తాతగారొకరు గలరు. తెల్లవాఱగనే బజారు రైలు స్టేషను దాక నడచి వచ్చుట ఆయనకు నిత్యకృత్యము. మొన్నటి శీతకాలమున దారిలో రెండుమాఱులు కూర్చుండి ఆయాసము తీర్చుకొనుట చూచి పలుకరించితిని. "ఏమున్నది నాయనా! వయసు" అనిరి. ఆ మాటలో నిజమెంత, పొరపాటెంత యని విచారించుటయే నేటి ప్రసంగము.

నిమిషమునకు 70 చొప్పున లెక్కించినను, గుండె దినమునకు లక్షకు పైగా, 80 ఏండ్లలో 294 కోట్లమాఱులు కొట్టుకొనును. ఇంత పని చేసిన కండలో మార్పు రాకుండునా? మార్పు మొదట పెద్ద ధమనిలో పొడసూపును. యౌవనమున సాగుచుండిన ఆ గొట్టము ముదిమిలో బిరుసెక్కును. అందులోనికి నెత్తురు నెట్టుటకు గుండె యెడమ జఠరిక యెక్కువ శ్రమపడి, గోడ దళసరియగును. దళసరి గోడ త్వరగా సడలదు. కావున జఠరిక నిదానముగా నిండును. ఆ కొఱత తీర్చుటకు పైనున్న కర్ణిక గట్టిగా నొత్తి యొత్తి, తుదకు తానే పెద్దదగును. ముదుసలులలో నాడి తాళము తప్పుట తఱచగుటకు ఇదియొక కారణము.

గుండె పరుగునకును హద్దు తగ్గును. 220 నుండి వయసు తీసివేసినచో, నిమిషమున గుండె కొట్టుకొనగల పరమావధి ఉరమరగా తెలియును: ఇరువదియేండ్ల వానికి 200, ఎనుబదియేండ్ల వానికి 140. కాని ఊరక కూర్చున్నపుడు వీరిద్దఱి నాడికిని అంత భేదముండదు. అనగా, ముదుసలి గుండె గాదె తఱిగిన సంసారము వంటిది. నిత్యభోజనమునకు లోటులేదు, పెండ్లియో, కఱవో వచ్చినపుడే యిబ్బంది.

ఇంతవఱకు వయసు ధర్మము. అయితే నాలుగడుగులకే ఆయాసము, పరుండిన ఊపిరాడకపోవుట, పాదముల వాపు, నడచుచు సొమ్మసిల్లుట, ఇవి వయసు కాదు, రోగము. మా తాతగారి గుండెను వైద్యులు పరీక్షింపగా, పెద్ద ధమని మొదటనున్న కవాటమునకు సున్నము పట్టి, ద్వారము సన్నగిల్లినదని తేలినది. "ఈ వయసున చికిత్స యెందుకు?" అని యింటివారు సందేహించిరి. పూర్వమైనచో ఱొమ్ము కోయక తప్పెడిది కాదు. 2002లో ఫ్రాన్సు దేశమున క్రిబియే అను వైద్యుడు రక్తనాళము గుండ సన్నని గొట్టము పంపి, క్రొత్త కవాటము నమర్చెను. నేడది ముదుసలులకు చేయుచున్న చికిత్సయే. అందఱికిని తగునని చెప్పజాలము. కాని అడుగకయే వలదనుట న్యాయము కాదు.

కావున మంచము పట్టవలదు, ఓపికకొలది నడువుడు. పడకనుండి దిగ్గున లేవక, కొంత తడవు కూర్చుండి లేవుడు. క్రొత్తగా ఆయాసము వచ్చెనా, వయసుపై నేరము మోపక ముందు వైద్యునకు చూపుడు.

తాతగారు చికిత్సకు ఒప్పుకొనిరి. ఇపుడు స్టేషను దాక మరల నడచుచున్నారు. దారిలో ఒక్కమాఱే కూర్చుండుచున్నారు. ఆ యొక్కటి మాత్రము వయసుదే.