అక్క దాచిన ఉత్తరాలు

జేన్ ఆస్టిన్ పేరు ఇంగ్లీషు పాఠాల్లో మనలో కొందరైనా విని ఉంటారు. 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్' నవల రాసిన రచయిత్రి. 1775లో ఇంగ్లండులోని స్టీవెంటన్ అనే పల్లెలో పుట్టి, 1817లో 41 ఏళ్లకే కన్నుమూశారు. బతికుండగా అచ్చయిన ఏ నవల మీదా ఆమె పేరు లేదు. ఆమె ఎలా బతికారో మనకు తెలిసింది ఎక్కువగా ఇంటివాళ్లకు రాసిన ఉత్తరాల వల్లనే.

వాటిలో ఎక్కువ భాగం అక్క కసాండ్రాకు రాసినవి. గుడ్డల ధరలు, చుట్టాల రాకపోకలు, ఎవరి ఒంట్లో ఎలా ఉంది, పుస్తకం మీద ఎంత వచ్చింది వంటి ఇంటి సంగతులే. ఆ రోజుల్లో తపాలా ఖర్చు ఉత్తరం అందుకున్నవారే కట్టాలి. కాగితాల సంఖ్యను, దూరాన్ని బట్టి ధర. అందుకని కాగితం నిండితే దాన్నే అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదుగా మళ్లీ రాసేవారు. కవరు కూడా ఇంకో కాగితం కింద లెక్క కాబట్టి ఆ కాగితాన్నే మడిచి అంటించేవారు.

జేన్ సుమారు 3,000 ఉత్తరాలు రాసి ఉంటారని అంచనా. మిగిలినవి 160 దాకా మాత్రమే. కసాండ్రా 1845లో చనిపోయే ముందు చాలావాటిని కాల్చేశారు. కొన్నింట్లో వాక్యాలు కత్తిరించారు. మిగతావి మేనకోడళ్లకు గుర్తుగా ఇచ్చారు. అలా మిగిలినవాటిలో 51 నేడు న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. చివరి రోజున చెల్లెలి తలను గంటల తరబడి తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సంగతి మనకు తెలిసిందీ కసాండ్రా మేనకోడలికి రాసిన ఉత్తరం వల్లనే. కాలిపోయిన వాటిలో ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇది చదివినప్పుడు మాకు మన హాస్టల్‌కు వచ్చిన కార్డులు గుర్తొచ్చాయి. మా అమ్మానాన్నలకు చదువు రాదు. పక్కింటి అన్నను బతిమాలి రాయించేవారు. వానలు పడ్డాయా లేదా, గేదె ఈనిందా, పండక్కి ఎప్పుడొస్తావు అని నాలుగు ముక్కలు. పదో తరగతి అయిపోగానే పాత పుస్తకాలతో పాటు వాటినీ తూకానికి అమ్మేశాం. ఆ తప్పు మాదే.

తమ్ముళ్లూ! మన అమ్మానాన్నల గురించి రాసిన పుస్తకం ఏ లైబ్రరీలోనూ దొరకదు. ఇంట్లో పాత ఉత్తరం ఒక్కటి ఉన్నా వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాసి, చెమ్మ తగలకుండా ట్రంకు పెట్టెలో దాచండి. ఫోనులో చెప్పిన మంచి మాటలైతే తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకోండి. రేపు మన పిల్లలకు తాత, నానమ్మ ఎలా బతికారో చెప్పేవి అవే.